హనుమంతు ఎస్సు

రాయగడ,
రథయాత్ర వెళ్ళిన బుధవారం

చిరంజీవి తమ్ముడు శ్రావణ్‌కు అప్ప దీవెనలు.

మేం బాగున్నాం, మీరూ బాగున్నారని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద. ఈసారికి ఆ మర్యాద నువ్వే ఊహించుకో. నాకు ఒళ్ళు మండుతోంది.

రెండు రోజులుగా ఫోన్ చేస్తున్నావు. అది మోగుతుంటే ఎదురుగా కూర్చుని చూస్తున్నాను గానీ ఎత్తడం లేదు. ఇక మీదట ఎత్తను కూడా. చెప్పాల్సింది ఉత్తరంలోనే రాస్తాను. కాగితం మీద నా ‘చ’ అచ్చంగా ‘చ’ లాగే ఉంటుంది, దాన్ని పట్టుకుని నవ్వడానికి ఎవరికీ సందు దొరకదు. పార్వతీపురం బడిలో తెలుగు వ్యాసానికి ప్రతిసారీ బహుమతి నాకే వచ్చేదని మీ మావగారికి తెలియదు కదా. వీలు చూసుకుని చెప్పు.

ఆ రోజు నేను సరదాకి ఫోన్ చేయలేదు. మా గౌరి స్కూటీ మీంచి పడినప్పుడు దాని కాలితో పాటు దాని ఫోనూ విరిగింది. మీ బావ అల్లం కొనడానికి బోరిగుమ్మ సంతకి వెళ్ళారు, ఆయన ఫోన్ ఆయన జేబులోనే ఉంది. నా దగ్గరున్నది బటన్ల ఫోను. ఫొటో తీసి పంపే దారి లేక, కొట్లో కంప్యూటర్ ముందు నేనే కూర్చుని నీకు చేశాను. మేనకోడలు ఇంట్లోంచి పరీక్ష రాయాలంటే కాలేజీవాళ్ళు చెప్పిన భద్రతా సాఫ్ట్‌వేర్ ఏదో ఎక్కించాలని, అది ఎక్కాలంటే మన కంప్యూటర్ ప్రాసెసర్ వాళ్ళ జాబితాలో ఉండాలని, ఆ పేరు చదివితే చూసి చెబుతానని నువ్వే కదా అన్నావు!

“ఏటిరా సిన్నా, పోసేసరంటే ఆ సిప్పేనా? ఉండు, సూసి సెప్తాను” అన్నాను. అంతే. అవతల్నించి మీ మావగారి గొంతు, “ఏ చిప్పమ్మా, కొబ్బరిచిప్పా?” అని. మీ అత్తారిల్లంతా గొల్లుమంది. మీ అత్తగారు, మీ ఆవిడ, ఇంకెవరో చుట్టాలు. స్పీకర్ పెట్టావని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిస్తే ఇంకాస్త కుదురుగా మాట్లాడేదాన్నేమో. పేరూ నంబరూ గబగబా చదివేసి ఊరుకున్నాను. ఆయనే జాబితా చూసినట్టున్నారు, “లేదమ్మా, ఇది కుదరదు” అన్నారు. నువ్వు కూడా “కుదరదక్కయ్యా, ఉంటాను” అని పెట్టేశావు.

ఆ నవ్వుల్లో ఒక చిన్న నవ్వు నాకు తెలిసినదానిలాగే వినిపించింది. నీది కాదనే అనుకుంటున్నాను.

సరే, నా సంగతి వదిలెయ్. గౌరి సంగతేమిటి? ఇది ఆఖరి సంవత్సరం పరీక్ష. ఇది తప్పితే ఏడాది పోతుంది, వైజాగ్‌లో ఇస్తామన్న ఉద్యోగం పోతుంది. వేరే కంప్యూటర్ తెద్దామంటే, ముందుగా రాయించుకున్నదే ఉండాలి, మార్చడానికి వీల్లేదంటున్నారు. ఇంట్లో కుదరకపోతే బరంపురం సెంటర్‌కి పోవాలట. సిమెంటు కట్టు కాలేసుకుని ఆ ఘాట్ రోడ్డు మీద! డాక్టరు ససేమిరా అంటున్నారు. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. నీకు ఇంకేదైనా దారి తెలిస్తే రాయి. ఫోన్ మాత్రం చేయకు.

నీ అప్ప,
విజయదుర్గ


కొరాపుట్,
శనివారం

గౌరవనీయులైన అక్కయ్యకు,
శ్రావణ్‌కుమార్ నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం అందింది. మీరు బాధపడినందుకు విచారిస్తున్నాను. కానీ మీరు పొరబడ్డారు. ఆ రోజు అందరూ టీవీలో వస్తున్న కార్యక్రమం చూసి నవ్వారు. మావగారు చాలా సరదా మనిషి, ఎవరినీ కించపరిచే ఉద్దేశం ఆయనకు ఉండదు. మీ మరదలు సాయిప్రియ కూడా మిమ్మల్ని అడుగుతూనే ఉంటుంది.

ఇక గౌరి విషయం. ఆ సాఫ్ట్‌వేర్ సాధారణమైనది కాదు. పరీక్ష జరిగినంతసేపూ కంప్యూటర్‌ను తన అధీనంలో ఉంచుకుంటుంది, కెమెరాలో చూస్తుంది, ఇంకేదీ తెరవనివ్వదు. అందుకని కొన్ని ప్రాసెసర్ల మీద మాత్రమే నడుస్తుంది. నంబరు ఒకటే అయినా చివరి అక్షరాన్ని బట్టి రకం మారుతుంది. ఆ రోజు మేము చూసుకున్న అక్షరం జాబితాలో లేదు. నియమం నియమమే కాబట్టి మనం చేయగలిగింది ఏమీ కనబడటం లేదు. మంచి వాహనం మాట్లాడుకుని, వెనుక సీటులో దిండ్లు వేసి, నెమ్మదిగా బరంపురం తీసుకువెళ్ళడమే మార్గం అని నా అభిప్రాయం.

పేర్లు ఖాయం చేసుకోవడానికి నెలాఖరు దాకా గడువు ఉంది. ఎందుకైనా మంచిది, వీలైతే ఆ చివరి అక్షరాన్ని మరొక్కసారి చూసి వ్రాయగలరు.

ఇక్కడ వానలు ఎక్కువగా ఉన్నాయి. బావగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
శ్రావణ్‌కుమార్


రాయగడ,
గురువారం

శ్రీయుత శ్రావణ్‌కుమార్ గారికి,

అలా రాస్తేనే మీకు బాగుంటుందేమో! ‘గౌరవనీయులైన అక్కయ్య’ ట. ‘వ్రాయగలరు’ ట. ఎవర్రా నీకీ ఉత్తరం చెప్పి రాయించింది? అమ్మ పోయాక నా కొంగు పట్టుకుని, “అప్పా, ఆకలేస్తంది, అన్నమెట్టీ” అంటూ కొట్టంతా తిరిగినవాడివి. ఇప్పుడు నన్ను ‘మీరు’ అంటుంటే, అప్పు వసూలుకి వచ్చినవాళ్ళెవరో మాట్లాడుతున్నట్టుంది.

టీవీ చూసి నవ్వారా? నాకు చెవులు బాగానే పనిచేస్తున్నాయి నాయనా. టీవీ చప్పుడు లేదు. మీ అత్తగారు ఎవరినో పెరుగు వేసుకోమనడం కూడా వినిపించింది. సరే, టీవీయే అనుకుందాం. నువ్వు అనుకోమన్నావు కాబట్టి అనుకుంటాను.

అక్షరం మళ్ళీ చూడమన్నావు. అంటే నాకు ఇంగ్లీషు అక్షరాలు కూడా రావనా? నీకు పలక మీద అవి దిద్దించింది ఎవరు? అయినా నీ మాట కాదనలేక మళ్ళీ కంప్యూటర్ వేసి, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాను. నేను ఆ రోజు ఏది చదివానో అదే ఉంది. రెండు నిలువు కర్రలు, మధ్యలో ఒక అడ్డకర్ర. చిన్నప్పుడు నీకు రెండు ఎస్సులూ కలిసిపోతుంటే విడదీసి నేర్పించానే, ఒకటి సీతమ్మ ఎస్సు, ఒకటి హనుమంతు ఎస్సు అని? ఇది హనుమంతు ఎస్సు. చాలా? ఇంకోసారి చూడమంటే మాత్రం కంప్యూటర్ ఎత్తి పార్సిల్ చేసి నీకే పంపిస్తాను.

నువ్వు కుదరదన్నాక ఇంక మాకు వేరే మాట లేదు. “ఆడు కంపీటర్ సెక్సన్లో పెద్ద పనోడు, ఆడు నేదంటే నేదు” అని మీ బావ అందరితో చెబుతున్నారు. బరంపురానికి జీపు మాట్లాడారు. డాక్టరు మీద అరిచి, బతిమాలి, ఒప్పించాం. దారిలో ఎముక కదిలితే కోసి ప్లేటు వేయాల్సి వస్తుందని ముందే చెప్పేశారు. కాగితం మీద సంతకం కూడా చేయించుకున్నారు. గౌరికి అది చెప్పలేదు. చెబితే పరీక్షే మానేస్తానంటుంది. మజ్జిగౌరమ్మకి మొక్కుకుని కూర్చున్నాను. నాకు భయంగా ఉంది శ్రావణ్. కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. నీ మీద కాకపోతే ఎవరి మీద చూపించుకోను?

నీ అప్ప (అక్కయ్య కాదు),
విజయదుర్గ


కొరాపుట్,
సోమవారం

అక్కయ్యకు నమస్కారాలు.

నిన్న బావగారికి ఫోన్‌లో చెప్పిన విషయం మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అయినా వివరంగా రాస్తున్నాను. మీరు సంతోషించాల్సిన వార్త.

ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళు జాబితాను మార్చారు. కొత్త జాబితాలో మన కంప్యూటర్ ప్రాసెసర్ ఉంది. గౌరి పేరు నేనే ఇక్కడినుంచి ఖాయం చేశాను. అంగీకరించినట్టు జవాబు కూడా వచ్చింది. జీపు వద్దని చెప్పేయండి. గౌరి కాలు కదపాల్సిన అవసరం లేదు.

జాబితా ఎలా మారిందని బావగారు అడిగారు. మావగారికి భువనేశ్వర్‌లో తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు కదా, ఆయన ఎవరితోనో మాట్లాడారు. దానివల్లే అని నేను అనడం లేదు, కానీ అది కూడా ఉపయోగపడి ఉండవచ్చు. ఈ సంగతి ఎక్కువమందితో అనవద్దు. ఆయనకు ఇలాంటివి చెప్పుకోవడం ఇష్టం ఉండదు.

సాఫ్ట్‌వేర్ ఎక్కించే పద్ధతి విడిగా కాగితం మీద రాసి జతచేశాను. అది పూర్తయ్యేదాకా కంప్యూటర్ ఆపవద్దు. పరీక్ష జరుగుతున్నప్పుడు గదిలోకి ఎవరూ రాకూడదు, మాటలు వినబడకూడదు. కొట్లోంచి గదిలోకి మార్చేటప్పుడు తీగలన్నీ ఏది ఎక్కడుందో చూసుకుని తీయించండి.

గౌరిని బాగా చదువుకోమని చెప్పండి.

ఇట్లు,
శ్రావణ్


రాయగడ,
వినాయక చవితి వెళ్ళిన మంగళవారం

నా బంగారు తమ్ముడికి అప్ప ఆశీస్సులు.

గౌరి పాసైంది! మంచి మార్కులతో పాసైంది. నీకు ఫోన్‌లో అదే చెప్పిందటగా. నేను కూడా మాట్లాడదామని పక్కనే నిలబడ్డాను గానీ, అది ఫోన్ అందిస్తే వద్దని చెయ్యి ఊపేశాను. ఏ మొహం పెట్టుకుని మాట్లాడను?

నా పాత ఉత్తరాలు నీ దగ్గరుంటే చింపి పారెయ్. ఎన్ని మాటలన్నాను నిన్ను! మీ మావగారిని మనసులో ఎన్ని తిట్టుకున్నానో అవి కాగితం మీద రాయలేదు, అది నా అదృష్టం. ఒక్క నవ్వుకి నేనంత రగిలిపోతే, ఆయన మాత్రం ఏదీ మనసులో పెట్టుకోకుండా మన పిల్ల కోసం భువనేశ్వర్‌కి మాట్లాడారు. నీ కబురు అందిన రాత్రి అది తలుచుకుంటే నాకు నా మీదే అసహ్యం వేసింది. పెద్దింటివాళ్ళంటే ఇదీ అనుకున్నాను. మనం చిన్నమాటకే మూతి ముడుచుకునే రకం, వాళ్ళు చేసిన మేలు చెప్పుకోను కూడా చెప్పుకోరు. చెప్పొద్దన్నావు గానీ, క్షమించు, నేను చెప్పేశాను. కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. మునిగుడ నుంచి మీ బావ వాళ్ళ అక్క ఫోన్ చేస్తే ఆవిడకీ చెప్పాను.

పరీక్ష రోజు చూడాలి మా అవస్థ! మాట వినబడకూడదన్నావని మీ బావ కొట్టు తలుపులు దించేశారు. హమాలీలందరికీ సెలవు. బేరానికి వచ్చినవాళ్ళతో సైగలే. నేను మెట్ల మీద కూర్చుని దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకున్నాను. నీ సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక్కసారి కూడా మొరాయించలేదు, మొదటినుంచీ దీనికోసమే పుట్టినట్టు నడిచిందని గౌరి అంది.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే ఆదివారం మేం కొరాపుట్ వస్తున్నాం. మీ మావగారికి పట్టుపంచె, మీ అత్తగారికి చీర తీశాను. పళ్ళెంలో పెట్టి, బొట్టు పెట్టి, ఆయన కాళ్ళకి దండం పెట్టి మరీ ఇస్తాను. గౌరి కూడా కర్రసాయంతో నడుస్తోంది, అదీ వస్తుంది.

ఇంకొకటుంది, నవ్వకు. ఈసారి నీకు తలవంపులు తేను. రోజూ పొద్దున్న అద్దం ముందు నిలబడి మాట్లాడటం నేర్చుకుంటున్నాను. “చెప్పండి. చూడండి. చాలా సంతోషం. చల్లగా ఉంది.” గౌరి మాస్టారు. నోరు తిరగడం లేదురా! ‘చ’ కోసం పట్టుబట్టేసరికి అక్కర్లేని చోట కూడా వచ్చి కూర్చుంటోంది. నిన్న మీ బావతో, “చాయంత్రం చీతమ్మగారింటికి వెళ్ళొస్తాను” అన్నాను. ఆయన చేతిలో తక్కెడ వదిలేసి నవ్వారు. అయినా ఆదివారానికి నేర్చేసుకుంటాను. తక్కువ మాట్లాడి, ఎక్కువగా తలూపుతాను. నీ పక్కన నిలబడితే నీకు ఇబ్బంది ఉండకూడదు.

నీ అప్ప,
విజయదుర్గ


కొరాపుట్,
గురువారం ఉదయం

అప్పా,

రావొద్దు. ఆ బట్టలు ఆయనకి పెట్టొద్దు. ఇది చదివి నన్ను ఏమన్నా అను, అద్దం ముందు మాత్రం ఇంకొక్క రోజు కూడా నిలబడకు.

జాబితా ఎవరూ మార్చలేదు. మావగారు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయనకి గౌరి పరీక్ష గురించి ఆ రోజు తర్వాత ఒక్క ముక్క తెలియదు. మీ కంప్యూటర్ మొదటినుంచీ ఆ జాబితాలో ఉంది.

నువ్వు చదివింది హనుమంతు ఎస్సు. ఫోన్‌లో, “సివర ఎస్సు” అన్నావు. మన నోట్లో రెండూ ఎస్సులే కదా, బయటివాళ్ళు ‘హెచ్’ అనేదాన్ని కూడా మనం ‘ఎస్సు’ అనే అంటాం. నువ్వెప్పుడూ వెనకాలే “సీతమ్మది” అనో, “అనుమంతుది” అనో కలుపుతావు. ఆ రోజు వాళ్ళు నవ్వేసరికి కలపలేదు. మావగారు సీతమ్మ ఎస్సు అనుకుని వేలు పెట్టి వెతికారు. అది పాతరకం, జాబితాలో లేదు. ఆయనకి తెలియక లేదన్నారు. అందులో ఆయన తప్పేమీ లేదు.

నాకు తెలుసు. అదే నీకు చెప్పాల్సింది. నువ్వు ‘ఎస్సు’ అన్న క్షణంలోనే నాకు అనుమానం వచ్చింది. తెర మీద నా కళ్ళ ఎదుటే అదే నంబరు చివర హనుమంతు ఎస్సుతో ఉంది. “ఏ ఎస్సప్పా, సీతమ్మదా, అనుమంతుదా?” అని ఒక్క మాట అడిగితే అయిపోయేది. నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అందరూ ఇంకా సిప్పు, సిప్పు అని నవ్వుతున్నారు. ఇప్పుడు నేను కూడా నోరు తెరిచి ఆ మాట అడిగితే, నేనూ నీలాగే మాట్లాడతానని వాళ్ళకి తెలిసిపోతుందనిపించింది. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచి నేను ఒక్క ‘స’ కూడా జారనివ్వలేదు అప్పా. నిద్రలో కూడా జాగ్రత్తగా ఉంటాను. అందుకే అడగలేదు. “కుదరదక్కయ్యా” అన్నాను. ఆ నవ్వుల్లో నువ్వు విన్న చిన్న నవ్వు నాదే. నవ్వకపోతే నన్ను చూస్తారేమోనని నవ్వాను.

తర్వాత ఒంటరిగా అడుగుదామని ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. ఉత్తరంలో అడగొచ్చు. అడిగితే ముందే ఎందుకు అడగలేదో చెప్పాలి. అందుకని ‘మరొక్కసారి చూసి వ్రాయగలరు’ అని నంగనాచిలా రాశాను. బావకి ఫోన్ చేసి అడగొచ్చు. అదీ చేయలేదు. బరంపురం వెళ్ళండి, వెనుక సీటులో దిండ్లు వేయండి అని నేనే రాశాను. నీ జవాబులో డాక్టరు సంతకం చేయించుకున్నాడని చదివాను. అప్పుడు కూడా నిజం చెప్పలేదు. జాబితా మారిందన్నాను. ఎలా మారిందని బావ అడిగితే నోటికొచ్చిన పేరు మావగారిది. అంత సులువుగా ఎలా వచ్చిందో!

ఇప్పుడు నిజం రాస్తున్నది మంచితనంతో అని కూడా అనుకోకు. నువ్వు ఆదివారం పళ్ళెం పట్టుకుని వస్తే, ఆయన తెల్లబోయి “దేనికమ్మా?” అంటారు. అందరి ముందు నేను దొరికిపోతాను. మొదట వచ్చిన భయం అదే. నువ్వు అద్దం ముందు ‘చ’ నేర్చుకుంటున్నావని రాసిన చోటు రెండోసారి చదివినప్పుడు గానీ ఏడుపు రాలేదు నాకు. గౌరి కాలు పోయేదాకా తెచ్చినవాణ్ణి నేను. నువ్వు తలవంపులు తేనని నాకు మాటిస్తున్నావు!

ఏం చేయమంటే అది చేస్తాను. బావకి నేనే చెప్పమన్నా చెబుతాను. నీ మొహం చూసే ధైర్యం మాత్రం లేదు.

శ్రావణ్


రాయగడ,
శుక్రవారం

శ్రావణ్‌కు,

నువ్వు బస్సులో పంపిన ఉత్తరం పొద్దున్నే కొట్టుకి వచ్చింది. గోడౌన్‌లోకి తీసుకెళ్ళి పసుపు బస్తాల మీద కూర్చుని చదివాను. ఈ ఉత్తరం సాయంత్రం రైలుకి వస్తున్న మనిషి చేతికి ఇచ్చి పంపుతున్నాను, ఆదివారంలోగా నీకు అందాలి.

మీ బావ వచ్చి, “ఏటంటన్నాడు మీ తమ్ముడు? అందరూ బాగున్నారా?” అని అడిగారు. “బాగున్నారు. టేసన్‌కి వొస్తానని రాసేడు” అన్నాను. ఆయన నమ్మి వెళ్ళిపోయారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనతో నేను అబద్ధమాడటం ఇదే మొదటిసారి. ఏం చేయను? ‘నా తమ్ముడు నా మాటకి సిగ్గుపడి, మన పిల్ల కాలు పోయినా పోనీ అనుకున్నాడు’ అని ఏ నోటితో చెప్పను? గౌరి “మావయ్య లేకపోతే నా గతేంటి” అంటూ నీకు చొక్కా కొని పెట్టుకుంది. దానికి ఏమని చెప్పను? నువ్వు బావకి చెబుతానన్నావు. చెప్పొద్దు. నువ్వు చెప్పి తేలికపడతావు, ఆయన ఇక నిన్ను ఎప్పుడూ ఇంటి మనిషిలా చూడలేరు. అది నాకు ఇష్టం లేదు. నీ అబద్ధం ఇప్పుడు నాది కూడా. ఇద్దరం మోద్దాం.

మీ మావగారు నవ్వినందుకు నాకు ఇప్పుడు ఏమీ లేదు. ఆయనకి నేనెవరిని? కొత్తగా విన్నారు, నవ్వారు. నువ్వు నవ్వినందుకు కూడా సర్దుకుంటాను, పదిమందిలో ఉన్నప్పుడు అలాగే అవుతుంది. ఒక్క మాట అడగలేకపోయావు చూడు, దాన్ని మాత్రం సర్దుకోలేకపోతున్నాను. నువ్వు నన్ను చూసి సిగ్గుపడతావని నాకు ఎప్పుడో తెలుసు. నీ పెళ్ళిలో నన్ను వెనక వరసలో కూర్చోబెట్టినప్పుడే తెలుసు. పోనీలే, చదువుకున్నాడు అనుకున్నాను. నిన్ను చూసి నేను సిగ్గుపడాల్సిన రోజు వస్తుందని మాత్రం అనుకోలేదు. ఈ పొద్దు ఆ బస్తాల మీద కూర్చుంటే అదే పట్టుకుంది నన్ను.

రావొద్దన్నావు. వస్తున్నాం. ఊరందరికీ చెప్పాను, ఇప్పుడు ఆగితే ఎందుకని అడుగుతారు. బట్టలు కూడా పెడతాను. వియ్యాలవారికి బట్టలు పెట్టడానికి కారణం ఎవరూ అడగరు. మా అమ్మాయి పాసైన సంతోషంలో పెడుతున్నాం అంటాను. భువనేశ్వర్ మాట ఎత్తను, బావని కూడా ఎత్తనివ్వను. నీ పరువు నేను చూసుకుంటాను, భయపడకు.

అద్దం ముందు నిలబడటం ఇవాళే మానేశాను. గౌరి ఎందుకని అడిగితే నోరు నొప్పిగా ఉందన్నాను. అక్కడ తలూపుతూ కూర్చోను. మీ మావగారు పళ్ళెం అందుకున్నాక, “సెప్పండి మావగోరూ, ఒంట్లో ఎలాగుంది?” అని నా మాటతోనే అడుగుతాను. వాళ్ళు నవ్వుతారేమో. నవ్వనీ. అప్పుడు నువ్వు నేల చూడొద్దు, వంటింట్లోకి పోవద్దు. నా పక్కనే నిలబడు. ఆయన నా మాట అర్థంకాక నీ వైపు చూస్తే, మా అప్ప ఇలా అంటోందండీ అని నువ్వే చెప్పు.

అప్ప